పిడికెడు బియ్యము

సుఖము కలిగిన నాడు మాత్రమే పుట్టు కృతజ్ఞత లాభమునకు సంతోషించుటయే కాని వేరు కాదు. రెడ్డిగూడెము మామిడితోటల సీమ. పూత నిలిచిన యేడు దేవునికి వందనము చెప్పుట అచట సులభము. పూత మాడి రాలిన యేడు ఏమి చెప్పవలెను?

ఈ ప్రశ్నకు తెలుగు క్రైస్తవ గృహిణుల ఆచార మొకటి సమాధానము చెప్పుచున్నది. వంటకు బియ్యము కొలిచినపుడు, ఎసటిలో పోయకముందే పిడికెడు తీసి వేరొక పాత్రలో వేయుదురు. అది సంఘమునకు చేరును. 1912లో డోర్నకల్ పీఠమున బిషప్పుగా అభిషిక్తుడైన వి.యస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు. ఆయన నిరుపేద పల్లెసంఘములకు సైతము ఇచ్చుటను నేర్పెను.

ఇందలి మర్మము ‘ముందే’ యను మాటలో కలదు. తిని మిగిలినది యిచ్చుట ఔదార్యము కావచ్చును. తినకముందు తీయుట, మిగిలినదియు తనది కాదని యొప్పుకొనుట. నివేదన కాని యన్నమును వైష్ణవగృహములలో ముట్టకుండుటకును భావ మిదియే. కరవునాడు పిడికెడు చిటికెడు కావచ్చును. ముందు తీయుట మాత్రము మానరాదు.

మరియొక నియమము కలదు. కూలివాని వేతనమును తెల్లవారువరకు తనయొద్ద నుంచుకొనరాదని మోషే ధర్మశాస్త్రము శాసించుచున్నది. తోటలో చెమటోడ్చిన వానికి బాకీపడిన చేయి దేవునికై పిడికెడు తీసినను, అది కానుక కాదు, పరుల సొత్తు. దైవమునకు వందనము చెప్పువాడు తొలుత ఆ ఋణమును తీర్చవలెను.