దంతధావనం: ధర్మమా, దేహాభిమానమా?

పళ్లు తోముకోవడం ధర్మాచరణలో భాగమా, లేక దేహం మీది మమకారమా అన్నది మత సంప్రదాయాల్లో పాత ప్రశ్న. దేహం అశాశ్వతమని చెప్పిన మతాలే దాన్ని ఎంతవరకు చూసుకోవాలో కూడా చెప్పవలసి వచ్చింది.

భిక్షువులు పందుంపుల్ల నమలడానికి బుద్ధుడు అనుమతి ఇచ్చాడని వినయపిటకంలోని చుల్లవగ్గ చెబుతుంది. నమలకపోతే ఐదు నష్టాలట: కళ్లకు మంచిది కాదు, నోరు కంపు కొడుతుంది, రుచి తెలిపే నాళాలు శుద్ధి కావు, పిత్తశ్లేష్మాలు అన్నాన్ని కప్పేస్తాయి, తిండి సహించదు. నలుగురిలో ఇబ్బంది కలిగించేది వీటిలో ఒక్క కంపు మాత్రమే. మిగతావన్నీ చూపుకూ, రుచికీ, అరుగుదలకూ సంబంధించినవి. అంటే నోటి ఫలితం ఒళ్లంతా ఉంటుందన్న ఎరుక ఈ నియమం వెనక ఉంది. 7వ శతాబ్దిలో నలందాలో చదువుకున్న చైనా భిక్షువు ఇత్సింగ్ కూడా ఈ అలవాటును శ్రద్ధగా వర్ణించాడు.

దిగంబర జైన మునుల దారి దీనికి పూర్తిగా ఎదురు. వారి 28 మూలగుణాల్లో స్నానం చేయకపోవడంతో పాటు అదంతధావనం, అంటే పళ్లు తోమకపోవడం, ఒకటి. దేహాన్ని అలంకరించుకోరాదన్న వైరాగ్యం, సూక్ష్మజీవులకు సైతం హాని చేయరాదన్న అహింస దీనికి ఆధారాలు. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తొందరపాటే. రోజుకు ఒక్కసారే, నిలబడి, దోసిట్లో పెట్టినది తిని, మళ్లీ ఏదీ ముట్టని జీవితంలో ఆ వ్రతం ఒక భాగం. గృహస్థులకు అది వర్తించదు. దేహాన్నే వదులుకోవడానికి సిద్ధపడ్డవారి నియమాన్ని, ఆ దేహంతో పిల్లల్ని పెంచి పని చేయవలసిన వారికి అంటగట్టకపోవడంలోనే ఆ సంప్రదాయపు వివేకం కనిపిస్తుంది.

ఇస్లాంలో మిస్వాక్, అంటే పుల్లతో పళ్లు తోముకోవడం, ప్రవక్తకు ఎంతో ఇష్టమైన ఆచారం. అనుచరులకు కష్టమవుతుందన్న భయం లేకపోతే ప్రతి నమాజుకూ దాన్ని తప్పనిసరి చేసేవాడినని ఆయన అన్నట్లు హదీసులు చెబుతాయి. ఉపవాసి నోటి వాసన దేవుడికి కస్తూరి కన్నా ప్రియమన్న మరో హదీసు వల్ల, రంజాన్ పగటి పూట మధ్యాహ్నం తర్వాత మిస్వాక్ వాడవచ్చా అన్న చర్చ వచ్చింది. షాఫియీ న్యాయ సంప్రదాయపు పండితులు వద్దన్నారు, హనఫీ సంప్రదాయం వారు సమ్మతించారు.

హిందూ ధర్మశాస్త్రాలు పాడ్యమి, షష్ఠి, నవమి, అమావాస్య వంటి తిథుల్లో, శ్రాద్ధ, ఉపవాస దినాల్లో పుల్ల వాడకాన్ని నిషేధించాయి. అయితే ఆ రోజుల్లో 12 సార్లు నీళ్లు పుక్కిలించమన్నాయి. నిషేధం పుల్లకే, శుభ్రతకు కాదు. ఆయుర్వేదంలో చరకుడు రోజుకు రెండుసార్లు తోముకోమన్నాడు. సుశ్రుతుడు చేదు పుల్లల్లో వేపను మేలైనదిగా ఎంచాడు, నోటిపూత ఉన్నప్పుడు పుల్ల వద్దన్నాడు.

చిగుళ్లు వాచి రక్తం కారినప్పుడు బాక్టీరియా రక్తంలోకి చేరుతుందని నేటి వైద్యం చెబుతుంది. కవాటాలు దెబ్బతిన్న గుండెకు అది ప్రాణాంతకం కావచ్చు. మధుమేహం చిగుళ్లను పాడు చేస్తుంది, పాడైన చిగుళ్లు చక్కెరను అదుపు తప్పిస్తాయి. చిగుళ్లకు చికిత్స చేస్తే చక్కెర కొంత తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. గుండె రక్తనాళాల జబ్బు సంగతి అంత తేటగా లేదు. చిగుళ్ల వ్యాధితో దానికి సంబంధం ఉన్నా, అదే కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ప్రకటించింది. ఈ జాగ్రత్త అవసరమే. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో సకల రోగాలకూ నోరే మూలమన్న నమ్మకంతో పాశ్చాత్య వైద్యులు ఎందరికో పళ్లు అన్యాయంగా పీకేశారు.

కాబట్టి గృహస్థుకు నోటి శుభ్రత దేహాభిమానం కాదు, తన మీద ఆధారపడ్డవారి పట్ల బాధ్యత. ఉపవాసం పేరుతో దాన్ని పూర్తిగా మానమని ఈ గ్రంథాలేవీ గృహస్థుకు చెప్పలేదు. మధుమేహం, గుండె కవాటాల జబ్బు ఉన్నవారు వ్రత దినాల్లో కనీసం పుక్కిలించడమైనా మానకూడదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే వ్రతం ముగిసేదాకా ఆగకుండా దంత వైద్యుడికి చూపించుకోవాలి.