కట్టిన అడవిలో హక్కు ఎవరిది?

కంప్యూటర్ తెర మీద ఒక ఊరు కడతారు. అందులో కొండ ఉంటుంది, వాగు ఉంటుంది, బడి ఉంటుంది. చదువుకునే పిల్లవాడు ఇంట్లోనే కూర్చుని ఒక బొమ్మ మనిషి రూపంలో ఆ ఊళ్లో తిరుగుతాడు. ఎక్కడో వేరే దేశంలో ఉన్న పిల్ల అదే ఊళ్లో అతనికి ఎదురుపడి పలకరిస్తుంది. ఇద్దరూ కలిసి పాఠం నేర్చుకుంటారు. వీటిని వర్చువల్ ప్రపంచాలు అంటున్నారు. ఆన్‌లైన్‌లో చదివేవారి కోసం వీటిని కట్టి అమ్మే కంపెనీలు ఉన్నాయి. మన ఆశ్రమ పాఠశాలల్లోకి ఇవి పెద్దగా రాలేదు, కానీ రేపో మాపో వస్తాయి. వచ్చేలోపు మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అలాంటి చోట నేర్చుకున్నది నిజంగా నేర్చుకున్నట్టేనా? అక్కడ కట్టింది మన అడవే అయితే, దాని మీద హక్కు ఎవరిది?

ముందు మేలు చెప్పుకుందాం. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ డీడ్ బృందం 'రివర్ సిటీ' అనే ఊరిని తయారుచేసింది. అది పంతొమ్మిదో శతాబ్దం నాటి ఊరు. అక్కడి జనం జబ్బు పడుతుంటారు, ఎందుకో బడిపిల్లలు కనిపెట్టాలి. పిల్లలు జట్లుగా ఊరంతా తిరుగుతారు, జనాన్ని అడుగుతారు, నీళ్లు పరీక్షిస్తారు, దోమల సంగతి చూస్తారు. ఒక ఊహ చేసి, అది నిజమో కాదో తేల్చుకుంటారు. వానాకాలం జ్వరాలకు మంచాలు పట్టే గూడేల పిల్లలకు ఇది పరాయి పాఠం కాదు. పుస్తకంలో నాలుగు లైన్లు బట్టీ పట్టడం కన్నా ఇది ఎంతో మేలు. ఇంకో గొప్ప సంగతి, ఆ ఊళ్లో పిల్లల ఊహ తప్పయినా నిజంగా ఎవరి ప్రాణమూ పోదు. తప్పు చేసి, మళ్లీ మొదలుపెట్టి నేర్చుకోవచ్చు.

అయితే ఆ చదువు మేలు ఎక్కడుందో దాని లోటు కూడా అక్కడే ఉంది. మన అడవిలో పుట్టగొడుగులు ఏరడం నేర్పేటప్పుడు పెద్దవాళ్లు పిల్లల్ని ఒంటరిగా వదలరు. ఏది కూరకు పనికొస్తుంది, ఏది ప్రాణం తీస్తుంది అని పక్కనే ఉండి చూపిస్తారు. ఎందుకంటే ఆ బుట్ట ఇంటికొస్తుంది, దాన్ని ఇంటిల్లిపాదీ తింటారు. అక్కడ తెలుసుకోవడమూ పూచీ పడడమూ కలిసే ఉంటాయి. తెర మీది అడవిలో తెలుసుకోవడం ఉంటుంది గానీ పూచీ ఉండదు. తెలివి ఎంత పెరిగినా పూచీ పెరగకపోతే అది సగం చదువే. మిగతా సగం కొండ మీదే నేర్వాలి.

మామిడి కొత్త పండుగ తీసుకుందాం. పండుగ చేసి, ముందు దేవతకూ పెద్దలకూ పెట్టేదాకా మన్యంలో కొత్త మామిడి నోట పెట్టకూడదని కట్టుబాటు. ఇందులో మాకు తోచే అర్థాలు రెండు. కాయ ముదిరేదాకా ఆగితే టెంక గట్టిపడి రేపటి చెట్టుకు విత్తనం మిగులుతుంది. ఊరంతా ఒక్కసారే మొదలుపెడితే ముందు తిన్నవాడు, వెనక తిన్నవాడు అనే తేడా ఉండదు. ఈ పండుగను కంపెనీ చక్కగా తయారుచేయగలదు. రంగులు, డప్పులు, దింసా ఆట అన్నీ పెట్టగలదు. కానీ తెర మీద మామిడి తినలేం కాబట్టి, తినకుండా ఆగనూ లేం. ఆ ఆగడమే పండుగలో అసలు పాఠం.

ఇంకో సంగతి, మన జ్ఞానానికి గడప ఉంటుంది. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి దాకా వెళ్లి నీళ్లు తెస్తారు. ఆ నీళ్లతోనే దేవుడికి అభిషేకం. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను భేటింగ్ పేరుతో దేవుడికి పరిచయం చేస్తారు. ఆ నడక లేకుండా ఆ నీళ్లు లేవు, ఆ పరిచయం లేకుండా ఆ చోటు లేదు. బొమ్మ మనిషి మాత్రం ఒక్క నొక్కుతో గర్భగుడిలో నిలబడగలడు. అందరికీ అన్నీ తెరిచి ఉండడమే మంచి చదువు అని ఆధునిక విద్య అనుకుంటుంది. అర్హత వచ్చాక తెలియాల్సినవి కొన్ని ఉంటాయని మన పెద్దలు అనుకుంటారు. రెంటిలోనూ నిజం ఉంది. లెక్కలు, సైన్సు ఏ పిల్లకూ మూసి ఉండకూడదు. ఒక వంశం తన దేవుడితో మాట్లాడుకునే మాట మాత్రం అడగకుండా ఎవరూ తీసుకెళ్లకూడదు.

ఇక హక్కు సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ కంపెనీ 2003లో 'సెకండ్ లైఫ్' అనే ప్రపంచాన్ని తెరిచింది. అందులో దీవులు అమ్ముతారు. కొన్నాక కూడా నెలనెలా డబ్బు కట్టాలి. ఎన్నో విశ్వవిద్యాలయాలు అక్కడ దీవులు కొని తరగతి గదులు కట్టుకున్నాయి. అందులో ఎవరు సృష్టించిన వస్తువు మీద వారికే హక్కు అని కంపెనీ మొదట్లోనే ప్రకటించింది. వినడానికి బాగానే ఉంది. కానీ విద్యాసంస్థలకు ఇస్తున్న సగం ధర రాయితీని 2011 జనవరి నుంచి తీసేస్తున్నామని 2010లో అదే కంపెనీ చెప్పింది. చాలా సంస్థలు తట్టాబుట్టా సర్దుకున్నాయి. 2013లో రాయితీ మళ్లీ ఇచ్చినా, వెళ్లినవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. గూగుల్ కూడా బడిపిల్లల్ని తెర మీద యాత్రలకు తీసుకెళ్లిన 'ఎక్స్‌పెడిషన్స్' యాప్‌ను 2021లో మూసేసింది. ఇల్లు మనదైనా దాని కింది నేల వేరొకరిదైతే ఏమవుతుందో ఆదివాసులకు ఒకరు చెప్పాలా?

మన నేలకు 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని అది చెబుతుంది. ప్రభుత్వం కూడా ఆ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెర మీది నేలకు అలాంటి చట్టం లేదు. రేపు ఏ కంపెనీ అయినా మన గూడేన్ని నాలుగు కెమెరాలతో తీసుకెళ్లి, వర్చువల్ గూడెం కట్టి, మన పిల్లలకే చందా మీద అమ్మవచ్చు. అందులో మన తాత ఈకల కిరీటం పెట్టుకుని ఊగుతుంటే, అది తప్పని దిద్దే అధికారం మనకుండదు.

అందుకని దూరంగా ఉండిపోవాలా? అక్కర్లేదు. అలాస్కాలో కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ వాళ్లు ఒక ఆటల కంపెనీతో చేతులు కలిపి 2014లో 'నెవర్ అలోన్' అనే ఆట తెచ్చారు. అది ఇన్యూపియాక్ జాతి కథ. కథ చెప్పిన పెద్దాయన కూతురిని వెతికి, ఆమె అనుమతి అడిగి తీసుకున్నారు. కథ వాళ్ల భాషలోనే వినిపిస్తుంది. మధ్యమధ్యలో వాళ్ల పెద్దలే కనిపించి తమ బతుకు గురించి చెబుతారు. కెనడాలోని విన్నిపెగ్‌లో 2021లో 'మైన్‌క్రాఫ్ట్' ఆటలో అనిషినాబే జాతి ప్రపంచాన్ని బడుల కోసం కట్టారు. దాన్ని కట్టేటప్పుడు కూడా జాతి పెద్దల్ని కూర్చోబెట్టుకునే పని చేశారు. యంత్రం అదే, కంపెనీలూ ఉన్నాయి. తేడా ఏమిటంటే, ఏది చూపించాలో ఏది చూపించకూడదో చెప్పే నోరు ఆ జాతిది.

దాచుకుంటే మన జ్ఞానం చచ్చిపోతుంది కదా అని కొందరు తమ్ముళ్లు అడుగుతారు. సరైన ప్రశ్నే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపి రాతప్రతులు కొద్దిమంది పెద్దల దగ్గరే ఉండేవి. బయటి పరిశోధకులు వచ్చారు, అక్షరాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి, 2018లో యూనికోడ్‌లో చేరాయి. ఇది మంచిదే. కానీ యూనికోడ్‌లో చేరినంత మాత్రాన లిపి బతకదు. పలక మీద దిద్దే పిల్ల ఉండాలి, చెయ్యి పట్టి దిద్దించే పంతులు ఉండాలి. తెర దాచిపెట్టగలదు, దూరం పంపగలదు. బతికించే పని మనుషులదే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకూ యువతకూ మేము చెప్పేది ఇది. ఎవరైనా ఇలాంటి ప్రపంచంతో మీ బడికి గానీ, కెమెరాలతో మీ గూడేనికి గానీ వస్తే, మూడు సంగతులు అడగండి. మొదటిది, గ్రామసభలో పెట్టారా? తన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. సంతకం ఒక్క సర్పంచ్‌దో, ఒక్క హెడ్మాస్టర్‌దో అయితే చాలదు. రెండోది, తప్పు ఉంటే దిద్దమనే, వద్దంటే తీసేయమనే హక్కు మాకు రాసిస్తారా? మూడోది, రేపు మీ కంపెనీ మూతపడితే మా పాటలు, మా మాటలు, మా బొమ్మలు మా చేతిలో ఏ రూపంలో మిగులుతాయి? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాకపోతే, వాళ్లకు నీళ్లిచ్చి మర్యాదగా సాగనంపండి.

జవాబు వస్తే మాత్రం వెనకాడొద్దు. మన పిల్లలు ఆ తెర ముందు వాడేవాళ్లుగా మాత్రమే కూర్చోకుండా, కట్టడం కూడా నేర్వాలి. కోడ్ రాయడం వచ్చిన కోయ పిల్ల, సవర పిల్లాడు మన దగ్గర ఉంటే, ఏ గడప దాకా కెమెరా రావచ్చో ఆ యంత్రం భాషలోనే చెప్పగలరు. దానికి వాళ్లకు యంత్రం ఒక్కటే తెలిస్తే చాలదు, గడప ఎక్కడుందో కూడా తెలియాలి. అందుకే కంప్యూటర్ గది తెరిచిన రోజునే, వారంలో ఒక పూట పిల్లల్ని ఊరి పెద్దల వెంట కొండకు పంపే ఏర్పాటు కూడా చేయండి. ఆ పూటను కూడా తరగతిగానే లెక్కవేసి హాజరు పట్టీలో రాయండి.