గోరింక నోట్లో పాలు

మా పొందూరులో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పెంకుటింటి చూరులోంచి గోరింక పిల్ల ఒకటి కింద పడింది. నాకప్పుడు పదేళ్లు. దానికి ఇంకా సరిగా ఈకలు రాలేదు. పసుపురంగు నోరు మాత్రం బార్లా తెరుచుకుని ఉంది. మామ్మ చూసి, "ఏటే అలా సూస్తావు, ఆకలై సచ్చిపోతాది, కాసిన్ని పాలు పట్టు" అంది. దూదిని పాలలో ముంచి దాని నోట్లో పిండాను. అట్టపెట్టెలో పాత ఖాదీ తువ్వాలు పరిచి పడుకోబెట్టాను. రాత్రికి పేరు కూడా పెట్టేశాను. తెల్లారేసరికి చచ్చిపోయింది.

పైనుంచి పడ్డందుకే చచ్చిపోయిందని చాలా ఏళ్లు అనుకున్నాను. పదహారేళ్ల తర్వాత ఒక వన్యప్రాణి పునరావాస కేంద్రంలో కొన్ని వారాలు వాలంటీరుగా చేరినప్పుడు, మొదటిరోజే చెప్పిన విషయం ఇది: పక్షిపిల్లలకి పాలు పట్టకూడదు. పాలలోని లాక్టోజ్‌ని అవి అరిగించుకోలేవు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. పక్షికి ఊపిరిగొట్టం నోరు నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. నోట్లో పోసింది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గూడు అందే ఎత్తులో ఉంటే పిల్లని మళ్లీ అందులో పెట్టేస్తే చాలు. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరకి రానివ్వదనేది ఉత్త అపోహ.

అంటే నా గోరింకని చంపింది చూరు కాకపోవచ్చు. నా దయే అయ్యుండొచ్చు.

అప్పట్నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మంచి మనసుతో చేసిన పనికి ఫలితం చెడ్డదైతే మనసుకి ఎన్ని మార్కులు వేయాలి? "పాపం, తెలీక చేశావులే" అంటారు ఎవరైనా. నిజమే. కానీ తెలుసుకోవాలన్న ఆలోచన ఆ రోజు నాకెందుకు రాలేదు? ఆ పిల్లకి ఏం కావాలో నేను అడగలేదు. నాకేం ఇవ్వాలనిపించిందో అదే ఇచ్చాను.

వాలంటీరు పని అనగానే మన ఊహలో ఒక ఫొటో ఉంటుంది. ఒళ్లో జింకపిల్లో, భుజం మీద గుడ్లగూబో. అసలు పని చేపలు కోయడం, రెట్టలు కడగడం, తూకం వేసి పుస్తకంలో రాయడం. మాట్లాడకూడదు. పేర్లు పెట్టకూడదు. అవసరం లేకుండా ముట్టుకోకూడదు. పంజరం మీద గుడ్డ కప్పి ఉంచాలి. మొదటివారం నాకు ఇదంతా అవమానంలా అనిపించింది. ఇంత దూరం వచ్చింది ప్రేమతో కదా, ఆ ప్రేమని చూపించడానికే వీల్లేదంటారేంటి?

దీని వెనకున్న కారణం పాతదే. గుడ్లు పొదిగి బయటికొచ్చిన బాతుపిల్లలు మొదట కళ్లబడిన కదిలే ప్రాణినే తల్లి అనుకుంటాయని కాన్రాడ్ లోరెంజ్ 1930లలో వివరంగా రాశాడు. 1973లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆయన వెనకాల వరసగా నడిచే బాతుల ఫొటోలు చూసి మనం ముచ్చటపడతాం. కానీ అడవికి తిరిగి వెళ్లాల్సిన పక్షికి అది శాపం. మనిషిని తల్లి అనుకున్న పక్షి, మనుషులున్న చోటికే వస్తుంది. వలలో పడుతుంది, కుక్కల నోట పడుతుంది. అందుకే అమెరికాలో హూపింగ్ క్రేన్ కొంగల్ని కాపాడేవాళ్లు ఒళ్లంతా తెల్లటి ముసుగు వేసుకుని, చేతికి కొంగ తలలాంటి తోలుబొమ్మ తొడుక్కుని పిల్లలకి తిండి పెట్టారు. 1941 నాటికి ఆ జాతి మొత్తంలో రెండు డజన్లు కూడా మిగల్లేదు. తమని పెంచిన మనిషి మొహం ఆ పిల్లలు చూడవు. పెంచినవాళ్లు కోరుకునేదీ అదే.

ముట్టుకోకుండా ప్రేమించడం మనకి కొత్తేమీ కాదు. మా జిల్లాలోనే, టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. వాటిని సైబీరియా పక్షులని అంటుంటారు గానీ, ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. ఊరివాళ్లు మాత్రం పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులంటారు. ఆ ఆడపడుచులు ఏ ఇంట్లోకీ రారు. కింద రెట్టల వాసన భరిస్తూ, గోల వింటూ, చెట్లు కొట్టకుండా ఉండడమే ఊరు చేసే మర్యాద. అయినా 2021 చివర్లో ఆ ఊళ్లో వందకు పైగా పెలికాన్లు చచ్చిపోయాయి. చేపలతో పాటు కడుపులో చేరిన నులిపురుగులే కారణమని తేలింది. చెట్టు కింద ఎంత ప్రేమ ఉన్నా, పక్షి చేపలు పట్టే చెరువు దాకా అది చేరలేదు.

ఇక్కడే లెక్కలవాళ్లు అడ్డుపడతారు. 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి ఒకేసారి నాలుగు ఏనుగులు చనిపోయాయి. అలాంటి చోట ఒక గోరింకకో గద్దకో వారాల తరబడి సేవ చేయడం ఏంటి? ఆ డబ్బుతో, ఆ టైముతో తీగలు సరిచేయొచ్చు కదా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ చేతిలో ఉన్న గద్దని వదిలేస్తే, ఆ టైము వెళ్లి తీగల్ని సరిచేయదని మాత్రం తెలుసు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది లెక్క కాదు, ఉద్దానం ఎలుగుబంటి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగుబంటి రైతుని చంపింది, ఇంకొందరిని గాయపరిచింది. మత్తుసూది వేసి పట్టుకుని విశాఖ జూకి తరలిస్తే అది కూడా చనిపోయింది. ఆ వార్త చదివి నేను ఎలుగుబంటి కోసం ఏడ్చాను. రైతు గురించి ఏడవలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. జీడితోటకి పొద్దున్నే వెళ్లాల్సిన అవసరం నాకు లేదు కాబట్టే నా కన్నీళ్లు అంత స్వచ్ఛంగా ఉన్నాయి. నా కరుణకి ఖర్చు ఇంకెవరో కడుతున్నారు. ఎలుగుబంటికి బతికే హక్కుందని సిటీలో కూచుని అనడం తేలిక. ఆ హక్కు ఉన్న చోట పనికి పోయేవాడు ఏమనాలి?

అలాగని ఎలుగుబంటి తప్పూ కాదు. దాని కొండలు తరిగి, జీడి, పనస తోటలు దాని దారి దాకా వచ్చాయి. రైతు కూడా బతుకుతెరువు కోసమే వాటిని వేసుకున్నాడు. ఆ జీడిపప్పు కొనుక్కుని తింటున్నది నేను.

అందుకే పునరావాసాన్ని నేనిప్పుడు దయ అనడం మానేశాను. అది అప్పు తీర్చడం. ఆ కేంద్రంలో నేను చూసినవాటిలో ఎక్కువ మన వల్ల వచ్చినవే: మాంజా దారం కోసిన రెక్క, బండి గుద్దిన కాలు, చేపలవలలో చిక్కిన పాము. అప్పు తీర్చేటప్పుడు అప్పిచ్చినవాడు మనల్ని ప్రేమించాలని ఎవరూ అనుకోరు. వాడికి పేరు పెట్టి ఒళ్లో కూచోబెట్టుకోరు. వడ్డీతో సహా ఇచ్చేసి, గుమ్మం దగ్గర్నుంచే వచ్చేస్తారు. ఇంకొకరి జేబులోంచి తీసి కట్టడం కూడా అప్పు తీర్చడం కాదు. ఎలుగుబంటి బతకాలంటే నష్టపోయిన కుటుంబానికి పరిహారం వెంటనే అందాలి. అది కూడా వన్యప్రాణి సంరక్షణలో భాగమే, చేపలు కోయడంలాగే.

అప్పుకి చట్టం కూడా ఉంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. దొరికితే 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్లో గానీ అధీకృత అధికారికి గానీ చెప్పాలి. చిన్నప్పుడు ఈ నిబంధన వింటే కోపం వచ్చేది. ఇప్పుడు నాకు దాంట్లో వినిపించేది ఒకటే: ఇది నీది కాదు.

చివరి వారంలో ఒక గద్దని వదిలారు. మాంజా గాయం మానడానికి నెలన్నర పట్టింది దానికి. రోజూ చేపముక్కలు కోసింది నేనే. పెట్టె తలుపు తీయగానే నా వైపు చూడలేదు. ముందు కొంచెం తడబడి, తర్వాత కొబ్బరిచెట్ల మీంచి వెళ్లిపోయింది. ఎవరో ఫోన్ తీసేలోపే అయిపోయింది. "అయ్యో, వీడియో రాలేదు" అన్నారు.

నాకూ ఒక్క క్షణం బాధేసింది, అబద్ధం ఎందుకు. తర్వాత పెట్టె కడగడానికి లోపలికి వెళ్లాను. సాయంత్రానికి ఎవరో ఒక అట్టపెట్టె తెచ్చారు. లోపల ఉడత పిల్ల. తెచ్చినావిడ చెప్పింది: "పాపం ఆకలేస్తోందేమోనని, కొంచెం పాలు పట్టానమ్మా."

ఆవిణ్ణి కోప్పడలేకపోయాను. కుర్చీ వేసి కూచోబెట్టి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను.