తొందరపడకు నాయనా, ఇటుకని ఆరనీయకు

ఆ బండి కాసేపు పక్కన పెట్టి ఇలా అరుగు మీద కూర్చో నాయనా. బూడిద ఇటుకల యూనిట్ పెట్టావని విని ఎంత సంబరపడ్డానో! ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద ఊళ్ల మీద పడకుండా గోడల్లోకి చేరుతుంటే అంతకన్నా ఏం కావాలి? పొలం మట్టి తవ్వక్కర్లేదు, బట్టీ కాల్చక్కర్లేదు. బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ లేకుండానే ఇటుక చేసే ఫాల్‌-జి పద్ధతి మన విశాఖలో భానుమతీదాస్, కాళిదాస్ గార్ల చేతుల్లో రూపుదిద్దుకున్నదే కదా.

నీ మనసు మంచిదే, తొందరే ఎక్కువ. మూడో రోజుకే ఇటుకలు లారీకెక్కిస్తున్నావట! ఆవకాయ కలిపిన పూటే జాడీ ఖాళీ చేస్తామా? బూడిద నిదానంగా గట్టిపడే సరుకు. సున్నంతో కలిసి గట్టిపడాలంటే దానికి తడి ఉండాలి. తడి ఆరిందా, ఆ పని అక్కడే ఆగిపోతుంది. అందుకే గోనెపట్టాలు కప్పి, రెండు వారాలైనా పూటపూటా నీళ్లు కొట్టు. 28 రోజుల దాకా ఓపిక పడితే మరీ మంచిది.

సామిల్లు వాళ్లు రంపపు పొట్టు ఊరికే ఇస్తున్నారని అదీ కలుపుతానంటున్నావట. వద్దు. చెక్కలో ఉండే చక్కెరలు సున్నాన్నీ సిమెంటునీ సరిగా గట్టిపడనివ్వవు. పొట్టు తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. మట్టి ఇటుకలో అయితే బట్టీలో కాలిపోయి సన్న రంధ్రాలు మిగులుస్తుంది, ఇటుక తేలికవుతుంది. అక్కడైనా మోతాదు మించితే ఇటుక బలం పోతుంది.

నీ సరుకు నువ్వే పరీక్షించుకో. బాగా ఎండిన ఇటుకని తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి, మళ్లీ తూచు. బరువు 20 శాతం కన్నా ఎక్కువ పెరిగితే ఆ లాటు అమ్మకు. బూడిద దులిపే కూలీలకి ముక్కుకి మాస్కు ఇవ్వు, వాళ్ల పిల్లల్ని ఆ కుప్పల దగ్గర ఆడుకోనివ్వకు.

నీ ఇటుక కొనేవాడు బ్యాంకు అప్పు తెచ్చి, ఇల్లాలి నగలు కుదువపెట్టి ఇల్లు కట్టుకుంటాడు. ఏడాది తిరక్కుండా ఆ గోడ బీటలిస్తే, వాడు తిట్టేది బూడిదని కాదు, నిన్ను. ఆ పైన ఊళ్లో ఎవరూ బూడిద ఇటుక ముట్టరు. లారీవాడు తొందరపెడితే పెట్టనీ, నువ్వు మాత్రం నీళ్లు కొట్టడం ఆపకు నాయనా.