జాతి ముందా, వ్యక్తి ముందా?

ఆవులన్నిటిలో గోత్వమనే నిత్య సామాన్యం (జాతి) ఉంటుందని నైయాయికులు, వైశేషికులు చెబుతారు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు దాన్ని ఒప్పుకోలేదు. ఉన్నవి విడివిడి వ్యక్తులే (ఒక్కొక్క ఆవే), జాతి మనసు చేసే కల్పన అన్నాడు. ప్రోగ్రామింగ్‌లోనూ ఈ వివాదం ఉంది. జావా భాషలో ముందు క్లాస్ (జాతి), తర్వాతే ఆబ్జెక్ట్ (వ్యక్తి). 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్, సెల్ఫ్ భాష బాటలో, ఒక ఆబ్జెక్ట్‌కు మరో ఆబ్జెక్ట్‌నే ప్రోటోటైప్‌గా, అంటే నమూనాగా, నిలిపింది. అడిగిన గుణం తనలో లేకపోతే వెతుకులాట ప్రోటోటైప్‌కు, అక్కడినుంచి దాని ప్రోటోటైప్‌కు సాగుతుంది. ఈ గొలుసు నల్ (ఏమీ లేదని తెలిపే విలువ) దగ్గర ఆగుతుంది. 2015లో జావాస్క్రిప్ట్‌లో చేరిన క్లాస్ కూడా లోపల ఈ గొలుసుపైనే నడుస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో, ఆబ్జెక్ట్‌ల తయారీని మరో ఆబ్జెక్ట్‌కు అప్పగించే అబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీ పద్ధతిని పాటిస్తే, వాటిని వాడే కోడ్‌కు వాటి అసలు రకం తెలియనక్కర్లేదు. కావలసిన మెథడ్‌లు ఉంటే చాలు. పైగా ప్రోటోటైప్‌ను నడుస్తున్న ప్రోగ్రాంలోనే మార్చవచ్చు. కనుక ఇక్కడి జాతి నిత్యం కాదు, వ్యవహారానికి ఏర్పరచుకున్నదే. ఈ విషయంలో జావాస్క్రిప్ట్ నైయాయికుల కంటే దిఙ్నాగుడికే దగ్గర.