పట్టెడు పిండి, చిన్న అప్పము

ధ్యాన భాగము: 1 రాజులు 17:8-16



క్రిస్మసు దగ్గరపడగానే మన పల్లెలలో బిడ్డలు కేకు అడుగుదురు. పట్టణము నుండి కేకు తెచ్చుటకు కూలి డబ్బులు చాలవు. కొందరు అప్పు చేయుదురు. మరికొందరు, ఇంట పెట్టుటకేమియు లేదను సిగ్గుచేత, పండుగనాడు ఎవరును రాకుండుటే మేలని తలుపు దగ్గరగా వేసికొందురు. అప్పుకంటె ఈ మూసిన తలుపే ఎక్కువ నష్టము. ఇట్టివారి కొరకే సారెపతు విధవరాలి సంగతి వ్రాయబడినది.

సారెపతు సీదోనుకును తూరుకును నడుమ సముద్రతీరమున నుండెను. నేడది లెబానోను దేశములోనిది. క్రీస్తుకు పూర్వము 9వ శతాబ్దములో, ఆహాబు ఇశ్రాయేలును ఏలిన కాలమున, గొప్ప కరవు వచ్చెను. మూడేండ్ల ఆరు నెలలు వాన లేదని ప్రభువే నజరేతులో జ్ఞాపకము చేసెను (లూకా 4:25). వాన నిచ్చువాడు బయలని నమ్మిన సీదోనీయుల దేశములోనే ఈమె పిండితొట్టి అడుగంటెను. మిగిలినది పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. రెండు పుల్లలు ఏరుకొని, అది కాల్చి బిడ్డకు పెట్టి తాను తిని, ఆపైన చావవలసినదేయని ఆమె తలంచెను.

అట్టి ఆమెను ఏలీయా అప్పమడిగెను; అదియు ముందు తనకు తెమ్మనెను. ఎంత కఠినమైన మాట! ఆకలిగొన్న బిడ్డ యెదుటి ముద్దను దైవజనుడు అడుగవచ్చునా? ఈ ప్రశ్నను మనము దాటిపోరాదు. విధవరాండ్ర యిండ్లు దిగమ్రింగు శాస్త్రులను ప్రభువు గద్దించెను గదా (మార్కు 12:40). కనుక కానుకల సంచి చేతబట్టుకొని కాపరి బీదరాలికి ఈ కథ చెప్పుట తగదు. ఏలీయా పుచ్చుకొని వెళ్లిపోయినవాడు కాడు. వాగు ఎండిపోగా వచ్చిన ఆకలిగొన్నవాడే. ఆ యింటనే నిలిచి, ఆ తొట్టిలోని పిండినే వారితో కలిసి తినెను. అడుగుటకు ముందు భయపడవద్దని చెప్పెను. అడిగిన వెంటనే దేవుని వాగ్దానము నిచ్చెను.

అతడడిగినది ఎంత? చిన్న అప్పము. హెబ్రీ మూలములో ఇచ్చట ‘ఉగా’ అను మాటయున్నది. నిప్పులమీద కాల్చుకొను గుండ్రని రొట్టెకు అది పేరు. నేటి హెబ్రీ భాషలో కేకును ఆ మాటతోనే పిలుతురు. ప్రవక్త తేనె అడుగలేదు, క్రొవ్విన దూడను అడుగలేదు. ఉన్న పిండి, ఉన్న నూనె, ఏరిన పుల్లలు చాలుననెను. తొట్టి పొంగిపొర్లెనని కూడ వ్రాయబడలేదు. తక్కువ కాలేదని మాత్రమే యున్నది. దినదినము ఆమె చేయి పెట్టి తీసి, పిసికి, కాల్చవలసినదే. దేవుడు గాదె నింపలేదు. ఆనాటి పిండి ఆనాడు ఇచ్చెను.

మరి మన ఇంట ఏమున్నది? తల్లులారా, బొంబాయి రవ్వ రెండు గ్లాసులు, బెల్లపు తురుము ఒక గ్లాసు, పెరుగు ఒక గ్లాసు, నూనె పావు గ్లాసు, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు కలిపి అరగంట నాననియ్యుడి. రవ్వ ఉబ్బి గట్టిపడినప్పుడు పాలో నీళ్లో పోసి గరిటెజారుగా చేయుడి. అర చెంచా వంటసోడా చివరనే వేయవలెను. పెరుగు పులుపు సోడాతో కలిసినప్పుడు పుట్టు బుడగలే పిండిని పొంగించును. అందుచేత గ్రుడ్లు లేకున్నను కొదువ లేదు. సోడా వేసిన పిమ్మట ఆలస్యము చేసిన ఆ పొంగు పోవును. అడుగు మందమైన పెద్ద గిన్నెలో పొడి ఇసుక పోసి పది నిమిషములు వేడిచేసి, నూనె రాసిన చిన్న గిన్నెలో పిండిని సగమువరకు పోసి, ఇసుకమీద నుంచి మూతపెట్టుడి. సన్నని సెగను ముప్పావుగంట పట్టును. కట్టెల పొయ్యియైన యెడల మంట తీసి నిప్పులు మాత్రముంచి, మూతమీద కొన్ని నిప్పులు వేయుడి. శుభ్రమైన ఈనె గ్రుచ్చి చూడుడి; తడి అంటకున్న ఉడికినట్లే. ఆరిన తరువాత కోయుడి.

ఇది అంగడి కేకువలె తెల్లగా నుండదు. బెల్లపు రంగున నుండును. అయినను దానిమీద ఎవరి వడ్డీయు లేదు.

ఒక్క మాట మిగిలియున్నది: ‘ముందు’ అను మాట. ఆ విధవరాలు మొదటి అప్పమును తన జాతివాడు కాని, తన ఊరివాడు కాని ఆకలిగొన్నవానికి ఇచ్చెను. మీ గిన్నెలోని మొదటి ముక్కను కాపరి యింటికి పంపవద్దు. మీ వీధిలో బిడ్డలు దూరదేశము పోగా ఒంటరిగా నున్న ముసలమ్మ యెవరు? ఈ యేడు భర్తను పోగొట్టుకొన్న సహోదరి యెవరు? మన సంఘమువారైనను, కాకపోయినను, ఆ ముక్క వారిది. చల్లారకముందే ఆకులో పెట్టి బిడ్డచేత పంపుడి.

మన తొట్టిలోని పట్టెడు పిండిని ప్రభువు దీవించును గాక. ఆమేన్.