కాయకము – ఇంజనీరింగు శాఖలు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఇంటరు ముగిసిన బిడ్డ ఏ ఇంజనీరింగు శాఖలో చేరవలెనన్న తర్జనభర్జన ఏటేటా జరుగునదే. కంప్యూటరు సీటు వచ్చిన పండుగ. సివిలు వచ్చిన తండ్రి ముఖము చిన్నబోవును. (కట్నపు లెక్కలును ఇందే కలవు!) బిడ్డ మనసెందున్నదో అడుగువారరుదు.

బసవేశ్వరుని శరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. సొన్నలిగె సిద్ధరామయ్య చెరువు త్రవ్వించెను. అది నేటి సివిలు పనియే గదా! అల్లమప్రభువు ఆయనను మందలించినది త్రవ్వుట నీచమని కాదు, ‘నేను త్రవ్వించితి’నను అహంకారమును బట్టి. ఆ అహంకారము కంప్యూటరు ముందు కూర్చున్నవానికిని రావచ్చును. ఇష్టపడి చేరినవానికి అదియు కాయకమే.

ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన పల్లెలు మనవి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకమునకై నల్లమల క్రింద సుమారు 19 కిలోమీటర్ల జంట సొరంగములు తొలువవలసివచ్చెను. రెండవది 2024లో గాని ముగియలేదు. ఆ కొండను తొలిచినది సివిలు, మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యలు కలిసియే.

కౌన్సెలింగులో ఐచ్ఛికములు వ్రాయుటకు ముందు ఒక సాయంకాలము బిడ్డను కంభము చెరువుకట్ట మీదికి తీసికొనిపోయి, “నాయనా, నీకే పని చేయవలెనని యున్నది?” అని తండ్రి అడుగవచ్చును. బదులు వచ్చువరకు తాను మాటలాడకుండవలెను.